కొండ లోపల ఏముంది, మేడమ్?

గత నెలలో ఎనిమిదో తరగతి పిల్లలకి నేనొక తప్పు చెప్పాను. ఆ సంగతి ముందే ఒప్పుకుంటే మిగతాది రాయడం తేలిక.

మా క్లాసులో ఒక అబ్బాయి వాళ్ల బాబాయి కెనడాలోని కాల్గరీలో ఉంటారు. నిరుడు వేసవిలో ఆయన స్నేహితులతో కలిసి కారులో ఆర్కిటిక్ మహాసముద్రం ఒడ్డు దాకా వెళ్లొచ్చారట. ఆ వీడియోని అబ్బాయి పెన్‌డ్రైవ్‌లో తెచ్చాడు. సోషల్ పీరియడ్‌లో స్మార్ట్ బోర్డు మీద వేశాం. చదునైన నేల, ఒక్క చెట్టు లేదు, ఎటు చూసినా నీటి మడుగులు. ఆ చదును మధ్యలో ఉన్నట్టుండి కుంకుమ రాశి పోసినట్టు ఒక కొండ. దాని నెత్తిన ఒక పగులు.

"కొండ లోపల ఏముంది, మేడమ్?" అని మూడో బెంచీ అమ్మాయి అడిగింది.

"ఆరిపోయిన అగ్నిపర్వతం అయ్యుంటుందమ్మా" అనేశాను. ఆకారం చూసి అన్నాను, తెలిసి అనలేదు. ఇంటికి వెళ్లి చదివితే తేలింది, లోపల ఉన్నది నిప్పు కాదు, ఐసు. మర్నాడు క్లాసులో నా తప్పు చెప్పి సరిదిద్దాను. ఆ సాయంత్రం ఒక నాన్నగారు ఫోన్ చేశారు. "టీచరే తప్పు చెప్తే ఎలా మేడమ్? అయినా ఇది ఎగ్జామ్‌లో వస్తుందా?" అన్నారు. మొదటిదానికి సారీ చెప్పాను. రెండోదానికి "రాదండీ" అన్నాను. ఫోన్ పెట్టేశాక, ఇంకా చెప్పాల్సింది మిగిలిపోయింది అనిపించింది. అదే ఇక్కడ రాస్తున్నాను.

ఆ కొండని పింగో అంటారు. అక్కడి ఇనువియాలుయిట్ ప్రజల భాషలో చిన్న కొండ అని అర్థం. కెనడా వాయవ్య మూలన టుక్టొయాక్టుక్ అనే ఊరు ఉంది. జనాభా వెయ్యి కూడా ఉండదు, అందరూ ముద్దుగా టుక్ అంటారు. ఆ ఊరి చుట్టుపక్కల ద్వీపకల్పంలో ఇలాంటివి సుమారు 1,350 ఉన్నాయి. వాటిలో పెద్దది ఇబ్యుక్. ఎత్తు 49 మీటర్లు, అంటే దాదాపు పదహారు అంతస్తుల మేడ. వయసు కనీసం వెయ్యేళ్లు ఉంటుందని అంచనా. ఇంకా పెరుగుతూనే ఉంది, ఏడాదికి సుమారు 2 సెంటీమీటర్లు.

ఎలా పెరుగుతుందో పిల్లలకి చెప్పడానికి ఫ్రిజ్‌లో పెట్టిన వాటర్ బాటిల్ గుర్తు చేశాను. నిండా నీళ్లు పోసి మూత బిగించి డీప్ ఫ్రీజర్‌లో మర్చిపోతే పొద్దున్నకి బాటిల్ ఉబ్బి ఉంటుంది కదా, సుమారుగా అదే సంగతి. అక్కడ నేల వందల మీటర్ల లోతు వరకూ గడ్డకట్టి ఉంటుంది. వేసవిలో కరిగేది పైనున్న కొద్దిపాటి పొర మాత్రమే. కానీ లోతైన చెరువు ఉన్నచోట నీళ్లు అడుగుదాకా గడ్డకట్టవు కాబట్టి చెరువు కిందున్న ఇసుక కూడా మెత్తగా, తడిగా ఉంటుంది. ఎప్పుడో ఆ చెరువుకి గండి పడి నీళ్లన్నీ పోతాయి. ఇక చలికి అడ్డం ఉండదు. పైనుంచీ పక్కలనుంచీ నేల గడ్డకట్టుకుంటూ వస్తుంది. ఇసుకలో మిగిలిన నీటిని ఆ గడ్డ అన్ని వైపులా నొక్కుతుంది. తప్పించుకునే దారి లేక ఆ నీరు పైపొర పలచగా ఉన్నచోట నేలని పైకి నెడుతుంది, అక్కడే ఐసు అవుతుంది. ఏటా కొంచెం నెట్టడం, ఏటా కొంచెం గడ్డకట్టడం. పైనున్న మట్టి సాగి సాగి చివరికి నెత్తిన పగులుతుంది. నేను అగ్నిపర్వతం నోరు అనుకున్నది ఈ పగులే. ఆ పగులు లోతై లోపలి ఐసుకి ఎండ తగిలిందంటే కొండ మెల్లగా కుంగిపోయి మళ్లీ నీటి గుంట అవుతుంది.

ఇదంతా మనకి తెలియడానికి చాలావరకు కారణం జె. రాస్ మకే అనే భూగోళ శాస్త్రవేత్త. బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్. 1950ల నుంచి ఏళ్ల తరబడి ఆ ప్రాంతానికి వెళ్లి కొలతలు తీసుకుంటూనే ఉన్నారు. 1978లో ఏకంగా ఒక చెరువునే ఖాళీ చేయించారు, అడుగు ఎలా గడ్డకడుతుందో మొదటి రోజు నుంచి చూడాలని. ఆ చెరువు పేరు ఇల్లిసార్విక్. నేర్చుకునే చోటు అని అర్థం. (మా స్కూలు గేటు మీద రాసుకోదగ్గ పేరు అని స్టాఫ్ రూమ్‌లో అంటే అందరూ నవ్వారు.) 2014లో, 98వ ఏట ఆయన కన్నుమూశారు. ఏడాదికి 2 సెంటీమీటర్లు పెరిగేదాన్ని కొలవాలంటే మనిషికి ఎంత ఓపిక ఉండాలో, యూనిట్ టెస్ట్ మార్కులు అదే రోజు సాయంత్రం యాప్‌లో రావాలనుకునే మనకి ఊహించడం కష్టం. ఆ మనలో నేనూ ఉన్నాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీలో చాలామందికి అన్నయ్యో, చెల్లెలో, మరిదిగారో అమెరికాలోనో కెనడాలోనో ఉన్నారు. సమ్మర్ హాలిడేస్‌కి పిల్లల్ని తీసుకెళ్తున్నారు. టుక్‌కి వెళ్లడం ఇదివరకంత కష్టం కాదు. ఒకప్పుడు చలికాలంలో గడ్డకట్టిన నది మీదా సముద్రం మీదా వేసిన దారే కారుకి దిక్కు. 2017 నవంబరు 15న ఇనువిక్ నుంచి టుక్‌కి ఏడాది పొడవునా నడిచే కంకర రోడ్డు తెరిచారు. సుమారు 140 కిలోమీటర్లు. అక్కడ నేలని తవ్వితే లోపలి ఐసు కరిగి రోడ్డే కుంగిపోతుంది. అందుకని తవ్వకుండా, గడ్డకట్టిన నేల మీద మట్టి, కంకర ఎత్తుగా పోసుకుంటూ వెళ్లారు. దానికంటే ముందు ఇనువిక్ చేరడానికి డెంప్‌స్టర్ హైవే ఉంది, అదీ కంకర రోడ్డే, 700 కిలోమీటర్ల పైన. దారిలో రెండు నదులు. వేసవిలో బల్లకట్టు లాంటి ఫెర్రీ, చలికాలంలో ఐసు మీదే ప్రయాణం. నదులు గడ్డకట్టే రోజుల్లో, కరిగే రోజుల్లో దాటడానికి దారే ఉండదు. జూన్, జులైలలో రాత్రంతా సూర్యుడు అస్తమించడు. దోమల సంగతి మాత్రం మన గోదావరి జిల్లాల వాళ్లు కూడా ఓడిపోయారని చెప్పాలి.

అంత దూరం వెళ్లినవాళ్లు చేసేదేమిటి? మహాసముద్రం బోర్డు దగ్గర ఫొటో, పింగో ముందు సెల్ఫీ, తిరుగు ప్రయాణం. మా క్లాసు పిల్లలు ఒక ఆదివారం ఆ బాబాయిగారితో వీడియో కాల్ మాట్లాడారు. మొదటి ప్రశ్నే "మీరు దాని మీదకి ఎక్కారా అంకుల్?" అని. ఆయన ఒక్క క్షణం ఆగి, "సగం దాకా ఎక్కానమ్మా" అన్నారు. "లోపల ఐసు ఉందని అప్పుడు తెలుసా?" అంటే "తెలీదు" అన్నారు. మంచి మనిషి, దాచలేదు.

నా అభిప్రాయం ఇదీ. పిల్లల్ని తీసుకెళ్లండి, కానీ ఎక్కించకండి. లోపలి ఐసుకి ఎండ తగలకుండా కాపాడుతున్నది పైనున్న మట్టి, నాచు, గడ్డి మాత్రమే. కాలిబాట పడితే ఆ పొర ఊడిపోతుంది. 1984 నుంచి ఇబ్యుక్‌తో సహా ఎనిమిది పింగోలు కెనడా ప్రభుత్వ రక్షణలో ఉన్నాయి. అంతకుముందు వందల ఏళ్లు ఇనువియాలుయిట్ ప్రజలు వాటిని దారి గుర్తులుగా వాడుకున్నారు. పైకెక్కి కారిబూ జింకల మందల కోసం, తిమింగలాల కోసం చూసేవారు. వాళ్లు ఎక్కింది పనుండి. మనం ఎక్కేది స్టేటస్ కోసం.

అసలు వెళ్లడమే తప్పు కదా, మన విమానాల పొగ వల్లే కదా ఆ నేల కరిగేది అని మా కొలీగ్ ఒకరు అన్నారు. ఆ మాటలో నిజం ఉంది. టుక్‌లో సముద్రం ఒడ్డుని కోసేస్తుంటే కొన్ని ఇళ్లని వెనక్కి జరపాల్సి వచ్చింది. అయినా ఆ ఊరివాళ్లకి రోడ్డు అవసరం, వచ్చేవాళ్లతో నాలుగు రూపాయలు వస్తాయి కూడా. కాబట్టి వెళ్లొద్దని నేను అనలేను. నాకింకా పాస్‌పోర్టే లేదు, నేను అంటే బాగుండదు కూడా. అడిగేది ఒక్కటే. ఒక పూట ఎక్కువ ఉండండి. ఊరివాళ్లలో ఎవరినైనా గైడ్‌గా పెట్టుకుని, అడగాల్సినవి పిల్లల్నే అడగనివ్వండి. దానికి తీరిక లేకపోతే ఆ డబ్బు దాచుకుని ఇంట్లో వీడియో చూపించండి.

ఫోన్ చేసిన నాన్నగారికి ఒక మాట. సార్, మీ అబ్బాయి ఈ సోమవారం స్టాఫ్ రూమ్ ఫ్రిజ్‌లో ఒక ప్లాస్టిక్ బాటిల్ పెట్టాడు. నిండా తడి ఇసుక, మూత బిగించి, చుట్టూ స్కెచ్ పెన్‌తో గీతలు గీసి. ఇంటర్వెల్‌కి ఒకసారి, లంచ్‌కి ఒకసారి వచ్చి స్కేలుతో కొలుస్తున్నాడు. బుధవారానికి మూత పక్కన చిన్న పగులు కనిపించింది. మీకు చెప్పొద్దన్నాడు, ఇంకా కొలతలు పూర్తి కాలేదట.