సైనికుని అప్పీలు హక్కు

సైన్యమునకు క్రమశిక్షణ ప్రాణము. అందుచేతనే సైనికుల ప్రాథమికహక్కులను పరిమితము చేయుటకు రాజ్యాంగపు 33వ అధికరణము పార్లమెంటునకు అధికార మొసగినది. కాని హక్కులు పరిమితములగుట వేఱు; న్యాయము నర్థించు మార్గమే లేకుండుట వేఱు. 1950 నాటి సైనికశాసనము ననుసరించి కోర్టుమార్షలు విధించిన శిక్షను ఖాయపఱచువారును సైన్యాధికారులే. పిమ్మట సైనికుడు విన్నపము చేసికొనవలసినది పై యధికారులకో, కేంద్రప్రభుత్వమునకో. సాక్ష్యమును మరల తూచి చూచు అప్పీలు న్యాయస్థాన మొక్కటియు లేకుండెను. ఈ లోపమును సుప్రీంకోర్టు 1982లో పృథీపాల్ సింగ్ బేడీ వ్యాజ్యమునందు ఎత్తి చూపినది. దానిని సవరించుటకు పాతికేండ్లు పట్టెను. 2007లో శాసనము పుట్టినది. 2009 ఆగస్టులో సాయుధదళముల ట్రిబ్యునలు న్యూఢిల్లీలో ఆరంభమైనది.

ఈ ట్రిబ్యునలు రెండు తెగల వ్యవహారములను విచారించును. వేతనము, పింఛను, సీనియారిటీ, పదోన్నతి మున్నగు ఉద్యోగవివాదము లొకటి. కోర్టుమార్షలు తీర్పులపై అప్పీళ్లు రెండవది. ప్రతి ధర్మాసనమునందును ఒక న్యాయసభ్యుడును, సైన్యమున ఉన్నతపదవులు నిర్వహించిన పాలనాసభ్యు డొకడును కూర్చుందురు. న్యాయ మెఱిగినవాడును దండుజీవిత మెఱిగినవాడును కలిసి విచారించుట మంచి యేర్పాటే. తీర్పు న్యాయదృష్టి నిలువజాలదని తోచినచో వారు దానిని రద్దు చేయవచ్చును, శిక్షను తగ్గింపవచ్చును, పునర్విచారణకు ఆజ్ఞాపింపవచ్చును. అయినను బదిలీలును సెలవులును దీని పరిధిలోనివి కావు. కమాండింగు ఆఫీసరొక్కడే న్యాయాధిపతియై జరుపు సమ్మరీ కోర్టుమార్షలు విషయమున, బర్తరపుగాని మూడు నెలలకు మించిన ఖైదుగాని పడిననే ఈ ద్వారము తెఱువబడును.

ట్రిబ్యునలులో ఓడినవాని గతి యేమి? సుప్రీంకోర్టునకు పోవలెనన్నచో సర్వజనప్రాముఖ్యముగల న్యాయసూత్ర మిమిడియుండవలెను. లేదా అది తన పరిశీలనకు తగినదని ఆ న్యాయస్థానమే తలంపవలెను. ఫిరంగుల మ్రోతకు వినికిడి పోయిన జవానునకు పింఛను వచ్చునా రాదా యన్నది మహాసూత్రము కాకపోవచ్చును. వాని కుటుంబమునకు అది కూటి ప్రశ్న. 2015లో హైకోర్టులు ఇందు జోక్యము చేసికొనరాదని తీర్పు వచ్చుటతో నడిమి మెట్టు తొలగిపోయెను. 2023 మార్చిలో పరశోత్తమదాస్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు, 226వ అధికరణమున హైకోర్టులకు గల రిట్టు అధికారము చెక్కుచెదరలేదని తేల్చి ఆ మెట్టును తిరిగి నిలిపినది.

ఇందువలన క్రమశిక్షణ సడలునని శంకించువారు కలరు. యుద్ధభూమిలో ఇచ్చు ఆజ్ఞ వేఱు, పింఛను ఆఫీసులో వ్రాయు తిరస్కృతి వేఱు. సైన్యమున చేరునాడు ఏ జబ్బును నమోదు కానివానికి పిదప వచ్చిన జబ్బు సేవాకారణముననే కలిగినదని భావింపవలెనని 2013లోనే ధరంవీర్ సింగ్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు నిర్ణయించినది. శాఖవారు అప్పీళ్లు తగ్గించుకొనవలెనని 2015లో రక్షణమంత్రి నియమించిన నిపుణుల సంఘమే సలహా చెప్పినది.

అన్నిటికంటె ముఖ్యమైన సంస్కారము మిగిలియున్నది. ఈ ట్రిబ్యునలు నెదుట నిత్యప్రతివాది రక్షణశాఖ. దాని సిబ్బందికిని ఖర్చులకును దిక్కు ఆ శాఖయే. దీనిని న్యాయశాఖ క్రిందికి మార్చవలెనని పంజాబు, హర్యానా హైకోర్టు 2012లోనే చెప్పినది. న్యాయమూర్తులు నిష్పక్షపాతులే కావచ్చును. కాని ఒక కక్షిదారుని ఇంట న్యాయస్థానము కాపురముండగా రెండవ కక్షిదారునకు నమ్మిక యెట్లు కలుగును? దేశముకొఱకు ప్రాణ మొడ్డుమని అడిగినవానికి ఆ నమ్మిక కలిగించుట పార్లమెంటు కనీసధర్మము.