తాత సాక్ష్యం చెల్లదు

చిరుధాన్యాల మీద ఏ పరిశోధన వచ్చినా మా కర్నూలు, కడప జిల్లాల్లో దానికి ఒకటే జవాబు సిద్ధంగా ఉంటుంది. "ఇది మా తాతలకు ఎప్పుడో తెలుసప్పా! సైన్సు ఇప్పుడు కళ్ళు తెరిచింది." బస్టాండులో టీ బంకు దగ్గరా ఇదే మాట, రైతుబజారులో ఇదే మాట, సదస్సులో శాలువా కప్పించుకున్న వక్త నోటా ఇదే మాట. వినడానికి ఇంపుగానే ఉంటుంది. పెద్దలకు దండం పెట్టినట్టూ ఉంటుంది, శాస్త్రవేత్తలకు పాస్ మార్కులు వేసినట్టూ ఉంటుంది. కానీ ఇందులో పెద్దల గురించి చెప్పింది నిజం కాదు. సైన్సు గురించి చెప్పింది అసలే నిజం కాదు.

ముందు అలాంటి ఒక పరిశోధన ఏమందో చూద్దాం. 2021 జులైలో 'ఫ్రాంటియర్స్ ఇన్ న్యూట్రిషన్' పత్రికలో ఇక్రిశాట్ శాస్త్రవేత్త ఎస్. అనిత, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ మొదలైన చోట్ల పనిచేసేవాళ్ళతో కలిసి ఒక సమీక్ష ప్రచురించారు. వాళ్ళు కొత్తగా ఎవరికీ కొర్రన్నం వండిపెట్టి చూడలేదు. 11 దేశాల్లో అంతకుముందే జరిగిన 80 అధ్యయనాలను పోగుచేసి, లెక్కకు పనికొచ్చే 65ను కలిపి చూశారు. అన్నిట్లో కలిపి మనుషులు సుమారు వెయ్యిమంది. చిరుధాన్యాలు ఎక్కువకాలం తిన్నవాళ్ళకు పరగడుపు షుగరు సగటున 12 శాతం, తిన్న తర్వాతి షుగరు 15 శాతం తగ్గిందని తేలింది. తిన్నది రక్తంలో చక్కెరను ఎంత జోరుగా పెంచుతుందో చెప్పే గ్లైసీమిక్ ఇండెక్స్ చిరుధాన్యాలకు సగటున 52.7, తెల్ల బియ్యానికి 71.7, పొట్టు తీసిన గోధుమపిండికి 74.2. ఆ పని చేసినవాళ్ళలో ఇక్రిశాట్ 'స్మార్ట్ ఫుడ్' ప్రచారానికి సంబంధించినవాళ్ళూ ఉన్నారు. అందుకని లెక్క తప్పని నేననను. చదివేటప్పుడు గుర్తుంచుకుంటే చాలు.

మంచి వార్తే. కాకపోతే మన దాకా వచ్చేసరికి అది "కొర్రలు తింటే షుగరు మాయం" అయి కూర్చుంది. కాగితం మీద వేసుకుంటే మాయం ఎంతో తెలుస్తుంది. పరగడుపున 140 ఉన్న మనిషికి 12 శాతం తగ్గితే 123కు వస్తుంది. 126 నుంచి షుగరు జబ్బు కింద లెక్క కాబట్టి ఆయన గీతకు ఇవతల పడ్డట్టే. అయినా షుగరు రావడానికి సిద్ధంగా ఉన్నవాళ్ళ వరసలోనే ఉంటాడు. 180 ఉన్న మనిషికి అదే 12 శాతం తగ్గితే 158. ఆయనకు మాత్ర తప్పదు. పైగా ఇది సగటు. ఒకరికి ఎక్కువ తగ్గి ఉంటుంది, మరొకరికి తగ్గకనేపోయి ఉంటుంది. కొర్రన్నం మొదలుపెట్టిన వారానికే మెట్‌ఫార్మిన్ డబ్బా అటకెక్కించేవాళ్ళు మన ఊళ్ళలో తక్కువేం కాదు. "తాతలు చెప్పిందే సైన్సు చెప్పింది" అనే మాట వాళ్ళ చేత ఈ చిన్న లెక్క కూడా వేయించదు. రెండు వైపులా ఒప్పుకున్నాక ఇంక లెక్కెందుకు?

ఆ సమీక్షలో మనవాళ్ళెవరూ చదివి వినిపించని భాగం ఇంకొకటుంది. చిరుధాన్యాలన్నిటినీ అది ఒకే గాటన కట్టలేదు. గ్లైసీమిక్ ఇండెక్స్‌లో కొర్రలు, ఊదలు 55 లోపల ఉన్నాయి. రాగులు, సజ్జలు, జొన్నలు 55కూ 69కీ నడుమ, మధ్య తరగతిలో ఉన్నాయి. అంటే సీమ గుర్తుగా మనం ఊరేగించే రాగిసంగటి మొదటి వరసలో లేదు. అదీ వట్టి రాగి సంగతి. మన సంగటి వట్టి రాగిపిండితో కాదు గదా. ముందు బియ్యమో నూకలో ఎసట్లో మెత్తగా ఉడకాలి, దాని మీద పిండి పోసి కాసేపు మూతపెట్టి, తర్వాత కట్టెతో కెలికి, చెయ్యి తడి చేసుకుని ముద్ద కట్టాలి. ఎన్ని గిద్దెల బియ్యానికి ఎంత పిండి అన్నది ఇంటికొక తీరు. హైవే హోటల్లో నాటుకోడి పులుసు పక్కన పెట్టే ముద్దనైతే విరిచి చూస్తే చాలు, బియ్యం పాలు ఎంతో రంగే చెప్తుంది. ఆ ముద్ద మీద ఏ పరిశోధనా ముద్ర వేయలేదు.

ఇక తాత దగ్గరికి వద్దాం.

తాతకు ఏం తెలుసు? ఆయన కొర్రన్నం తిన్నది షుగరు రాకూడదని కాదు, చేనులో పండింది అదే గనక. ఆకాశం కరుణించి రెండు పదునులైతే మూడు నెలల లోపే ఇంటికొచ్చే గింజ అది. వరి నీళ్ళున్నవాళ్ళ పంట. 1863-70 మధ్య మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తవ్వించిన కర్నూలు-కడప కాలువ కిందా, చెరువుల కిందా పండేది. మెట్ట ఊళ్ళవాళ్ళకు వరన్నమంటే పండగకో, పెండ్లికో, చుట్టం వచ్చినప్పుడో. 1983లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చినప్పుడు "మాకు కొర్రలే ముద్దు" అని కార్డు వెనక్కి ఇచ్చిన పల్లె ఒక్కటైనా ఉందేమో చూపించండి. కొర్రల గుణం తాతకు అంత బాగా తెలిసుంటే ఆ తెలివి చౌకదుకాణం ముందు వరసలో నిలబడ్డప్పుడు ఎటు పోయినట్టు? ఆయన్ను తప్పు పట్టడానికి అడగడం లేదు. కడుపు నిండా తెల్లన్నం తినాలనుకోవడం ఆయన హక్కు. ఆయన ఆకలిని ఆరోగ్య శాస్త్రంగా మార్చి ఆయన నోట పెట్టడమే నాకు నచ్చదు.

జేజిని అడిగితే ఇంకో సంగతి చెప్తుంది. కొర్రకు పొట్టు మొండిది. రోట్లో పోసి దంచాలి, చాటలో చెరగాలి, పోని గింజను మళ్ళీ దంచాలి, మట్టిగడ్డలు, సన్నరాళ్ళు ఏరాలి, ఆ తర్వాతే ఎసరు. తెల్లవారకముందే మొదలుపెడితే గానీ చేనికి సద్ది కట్టే వేళకు కాదు. బియ్యం వచ్చి ఆ రోకలిపోటు తప్పించింది. పాతకాలపు తిండి పోయిందని వేదికల మీద కన్నీళ్ళు పెట్టుకునే పెద్దమనుషుల్లో రోకలి పట్టి చేతులు కాయలు కాసినవాళ్ళు ఎందరున్నారో!

"మా తాతకు షుగరు లేదు" అన్నది మరో వాదన. ఎవరు పరీక్ష చేశారు? ఊళ్ళో రక్తపరీక్షే లేని కాలంలో షుగరు లేకపోవడం ఎలా తెలిసింది? స్వాతంత్ర్యం వచ్చిన కాలానికి మన దేశంలో సగటు ఆయుష్షు సుమారు 32 ఏళ్ళు. పసిపిల్లల చావులు ఆ అంకెను బాగా కిందికి లాగిన మాట నిజమే. అయినా నలభై దాటాక మొదలయ్యే జబ్బును చూడటానికి మిగిలినవాళ్ళు ఇప్పటికన్నా తక్కువే. మిగిలినవాళ్ళు కూడా మడక వెనక, గొర్రు వెనక, గొడ్ల వెనక పొద్దుగూకేదాకా నడిచినవాళ్ళు. కుర్చీలో కూర్చుని కొర్రల ఉప్మా తినే మనవడికి ఆ తాతతో పోలిక ఎక్కడ?

ఇంకొకటి. దక్కను మెట్ట సీమల్లో జొన్నే తిండిగా బతికిన పేదలకు పెల్లాగ్రా అనే జబ్బు వచ్చేది. మెడ చుట్టూ, చేతుల మీద చర్మం నల్లబారి పొరలుగా ఊడేది. విరేచనాలు పట్టుకునేవి. ముదిరితే మతి చెదిరేది. హైదరాబాదులో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా దాని మీద పనిచేసి 1960లో 'లాన్సెట్'లో రాశారు. జొన్నలో ల్యూసిన్ ఎక్కువ కావడం కారణమన్నారు. ఆ కారణం మీద తర్వాత శాస్త్రవేత్తలే వాదులాడుకున్నారు గానీ, జొన్న తప్ప పప్పూ పాలూ ఎరగని ఇళ్ళలో జబ్బు ఉన్న మాట మీద కాదు. ఇదీ పరిశోధనే, ఇదీ తాతల తిండి మీదే, ఇదీ మన హైదరాబాదు నుంచే. దీన్ని ఎవరూ శాలువా కప్పి చదవరు. పొగిడితే పరిశోధన, లేకపోతే కుట్ర.

తాత సాక్ష్యంలో ఉన్న అసలు చిక్కు ఇదే. ఆయన్ను ఏ పక్షం పిలిచినా వచ్చి బోనులో నిలబడతాడు. కొర్రలు మంచివని వార్త వస్తే "మా తాత తిన్నాడు" అంటాం. ఉప్పు తగ్గించమని వార్త వస్తే "మా తాత గొడ్డుకారం, ఊరగాయతోనే బతికాడు" అంటాం. పొగాకు మీద వస్తే "మా తాత రోజుకు కట్ట బీడీలు కాల్చి తొంభై ఏళ్ళు ఉన్నాడు" అంటాం. బీడీ కాల్చి నలభై ఐదుకే పోయిన పెదతాతను మాత్రం సాక్షిగా ఎవరూ పిలవరు. ఆయన రాలేడు కూడా.

ప్రొద్దుటూరులో పుట్టి, 2023లో పద్మశ్రీ అందుకున్న ఖాదర్ వలి గారి ఉపన్యాసాలతో కొర్రలు, అండుకొర్రలు, సామలు, అరికెలు, ఊదలు పట్నం వంటిళ్ళకు తిరిగొచ్చాయి. మరుగున పడ్డ గింజకు గిరాకీ రావడం మెట్టరైతుకు మేలే. నా తగాదా గింజతో కాదు. 2021 సమీక్ష వచ్చేనాటికే ఇక్కడ జనం తీర్పు రాసేసుకుని ఉన్నారు. కాబట్టి అందులో ఏముందో ఎవరికీ అవసరం పడలేదు. అది వచ్చిందన్న కబురు చాలింది.

ఇంత చెప్పాక, "పల్లె జనానికి సైన్సు ఎక్కడ అర్థమవుతుందిలెండి" అని తల ఊపే డాక్టర్లూ ప్రొఫెసర్లూ నన్ను తమ పక్కన కూర్చోబెట్టుకుంటారేమో. ఆ కుర్చీ నాకొద్దు. నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానం 'సూర్యనంది' అనే కొర్ర రకం విడుదల చేసింది. అలాంటి కొత్త రకం మాట విన్న రైతు ఏం చేస్తాడో చూడండి. ఆహా అనడు, తాతను పిలవడు. "వెర్రికంకి తట్టుకుంటాదా? వాన వెనకబడితే ఎట్ల? గడ్డి గొడ్లు తింటాయా? యాడన్నా వేసినారా, చూపీ" అంటాడు. చూసొచ్చాక కూడా చేనంతా వేయడు. మినీకిట్ విత్తనం ఒక చెక్కలో పోసి, పక్క చెక్కలో పాత విత్తనం పెడతాడు. అదే నేల, అదే వాన, అదే ఎరువు. కోత అయ్యాక బస్తాలు లెక్క పెట్టుకుంటాడు. ఒక్క ఏడుతో తేల్చుకోడు, మరుసటేడు మళ్ళీ చూస్తాడు. ప్రయోగం చేయడం తెలిసిన మనిషి ఇంతకన్నా ఏం చేస్తాడు?

మరి ఆ మనిషే సాయంత్రం అరుగు మీద షుగరు వార్త వింటూ తాత పేరు ఎందుకు ఎత్తుతాడు? విత్తనం విషయంలో పొరపాటు నాలుగు నెలల్లో కళ్ళాంలో బయటపడుతుంది, అప్పు నెత్తిన పడుతుంది. షుగరు విషయంలో పొరపాటు పదేళ్ళ దాకా నొప్పి పెట్టదు. కాలిపుండు మానడం లేదనో, చూపు మసకబారిందనో తెలిసేసరికి ఆ రోజు ఎవరేమన్నారో ఎవరికీ గుర్తుండదు. ఆలస్యంగా వచ్చే నష్టాన్ని నమ్మించడం ఎవరికైనా కష్టమే. చదువుకున్న వక్తలు ఆ కష్టం పడకుండా చప్పట్లు కొట్టించే మాట అందిస్తున్నారు. నేను తప్పు పట్టేది వాళ్ళనే.

చెక్కలో వేసి చూసే పద్ధతి పళ్ళెంలోనూ పనిచేస్తుంది. గ్లూకోమీటరు ఇప్పుడు చాలా ఇళ్ళలో ఉంది. ఒకరోజు వరన్నం, ఒకరోజు కొర్రన్నం. అదే గిన్నె కొలత, అదే పప్పు, అదే వేళ. మాత్ర ఆపకుండానే. తిన్న రెండు గంటలకు ఒక చుక్క నెత్తురు. ఒకటి రెండుసార్లతో తేల్చకుండా నాలుగైదుసార్లు చూసి ఆ చీటీ డాక్టరుకు చూపించడం. కొర్రన్నమని రెండింతలు తిన్నవాళ్ళకు అంకె ఏం చెప్తుందో కూడా అక్కడే తెలుస్తుంది.

అంగట్లో కొర్రలు కొనే ఆడవాళ్ళు దోసిట్లోకి తీసుకుని ఒక ప్రశ్న అడుగుతారు, "పాలిష్ పట్టినవా?" అని. నాకు తెలిసి ఈ మొత్తం గొడవలో ఇంతవరకు ఎవరూ అడగనంత మంచి ప్రశ్న అది. పైపొర పోతే పీచు పోతుంది. పీచు పోయిన గింజ తొందరగా అరిగి తొందరగా చక్కెర అవుతుంది. పచ్చగా మెరిసిపోయే గింజకూ, పొట్టు మాత్రమే తీసిన మబ్బు రంగు గింజకూ ఒకే అంకె వర్తిస్తుందని ఆ సమీక్ష చూపి ఎవరూ అనలేరు. అంగడివాడు మాత్రం "అన్నీ ఒకటేనమ్మా" అంటాడు. ప్యాకెట్ మీద షుగరుకు మంచిదని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, లోపలి గింజ ఎన్నిసార్లు మరలో తిరిగిందో ఉండదు. అది కూడా అచ్చు వేయండని కంపెనీలను అడిగిన సదస్సు మన జిల్లాల్లో నాకు ఇంకా తగల్లేదు.