ఏం ప్రయోజనం?

కవితల పుస్తకం అచ్చువేసుకున్నవాణ్ని చుట్టాలూ, తెలుగు ఎం.ఏ.లో చేరిన అమ్మాయిని పక్కింటివాళ్లూ అడిగే మాట ఒకటే: "దానివల్ల ఏం ప్రయోజనం?" చిన్నబుచ్చుకోవాల్సిన ప్రశ్న కాదిది. మన శాస్త్రకారులు దీనికి జవాబు చెప్పాకే అసలు విషయంలోకి దిగేవారు. వ్యాకరణం ఎందుకు చదవాలో పతంజలి మహాభాష్యం తొలి భాగంలోనే వివరించాడు. అయితే వాళ్లు అడిగినదీ ఇవాళ మనం అడుగుతున్నదీ వేరు.

ప్రయోజనం సంస్కృతపు మాట. 'యుజ్' ధాతువుకు కలపడం, పూన్చడం అని అర్థం. బండికి ఎద్దులను పూన్చడం కూడా అదే. 'ప్ర' చేరితే పనికి పురికొల్పడం అవుతుంది. గౌతముడి న్యాయసూత్రాలు పదహారు పదార్థాల్లో ప్రయోజనాన్ని నాలుగోదిగా, సంశయం తర్వాత నిలిపాయి. మనిషి దేన్ని ఉద్దేశించి పనికి పూనుకుంటాడో అది ప్రయోజనమన్నాయి. మన 'పూను' కూడా ఇదే దారిన నడిచింది: కాడికి పూన్చడమూ అదే, పని నెత్తికెత్తుకోవడమూ అదే. అంటే ప్రయోజనం పనికి ముందే ఉండి, మనిషిని కదిలించేది. మనం దాన్ని పని అయ్యాక చేతికందే ఫలితానికి కుదించుకున్నాం.

ఆ కుదింపు ఎంత దూరం వెళ్లిందో 'ప్రయోజకుడు' చెబుతుంది. సంస్కృత వ్యాకరణంలో ప్రయోజకుడంటే ఇంకొకరి చేత పని చేయించేవాడు, ప్రేరకుడు. మన ఇళ్లలో "అబ్బాయి ప్రయోజకుడయ్యాడు" అంటే ఉద్యోగం వచ్చింది, నాలుగు రాళ్లు వెనకేసుకుంటున్నాడని. ఊళ్లో పిల్లలందరికీ ఉచితంగా చదువు చెప్పినా జీతం లేనివాడు అప్రయోజకుడే. నలుగురిని కదిలించగలవాడికి దక్కాల్సిన మాట ఇలా జీతానికి అంటుకుపోవడం నాకు బాధగానే ఉంటుంది. ఆ జీతానికి పేరైన 'ఉద్యోగం' కూడా యుజ్ ధాతువు బిడ్డే. భారతంలో ఉద్యోగపర్వమంటే యుద్ధానికి ముందు సాగిన ప్రయత్నాల పర్వం.

పూర్వులు డబ్బును చిన్నచూపు చూశారని దీనర్థం కాదు. మమ్మటుడు కావ్యప్రకాశంలో కావ్యానికి ఆరు ప్రయోజనాలు చెబుతూ కీర్తి పక్కనే ధనాన్నీ పెట్టాడు. లోకవ్యవహారం తెలియడం, కీడు తొలగడం, చదువుతున్న క్షణంలోనే కలిగే పరమానందం, ప్రియురాలు నచ్చజెప్పినట్టుండే హితబోధ మిగిలినవి. ధనం ఆరింటిలో ఒకటి. మిగతా ఐదింటినీ మింగేయనంతవరకు దానితో పేచీ లేదు.

తెలుగులో తన ప్రయోజనాన్ని గురజాడంత సూటిగా చెప్పినవారు తక్కువ. ఆయన నాటకం కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ప్రదర్శితమై, 1897లో పుస్తకంగా వచ్చింది. దాని ఇంగ్లీషు ముందుమాటలో ఆయన రెండు కారణాలు చెప్పుకున్నారు: సంఘసంస్కరణకు ఊతమివ్వడం, తెలుగు భాష రంగస్థలానికి పనికిరాదన్న దురభిప్రాయాన్ని పోగొట్టడం. ఆ ముందుమాటలోనే ఒక జాబితా సంగతి ఉంది. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్క వివాహాలను విజయనగరం మహారాజు లెక్క రాయించారు. తేలినవి 1034. వధువుల్లో ఏడాది వయసు పిల్లలు ముగ్గురు. ఉయ్యాలలో ఉండాల్సిన పసిబిడ్డకు వెలకట్టి మూడు ముళ్లు వేయించిన లోకం కళ్లెదుట ఉన్నప్పుడు, నాటకం రాస్తే తనకేం వస్తుందన్న లెక్కకు చోటెక్కడిది? గిరీశాన్నీ మధురవాణినీ జనం మాట్లాడే తెలుగులో నిలబెట్టి ఆయన రెండో పని కూడా నెరవేర్చారు.

అందుకే వచ్చే సంచిక నుంచి మా రచయితల్ని తమ రచన గురించి ఒక పేజీ రాసిమ్మని కోరుతున్నాం. అవార్డులూ అమ్మకాలూ అందులో వద్దు. మిమ్మల్ని ఏది కుదురుగా కూర్చోబెట్టి ఆ కథ రాయించిందో, ఆ కవితకు పూన్చిందో అంతవరకే చెప్పండి. పాఠకులు కూడా ఏ పుస్తకం తమను ఏ పనికి కదిలించిందో రాస్తే ఆ పక్కనే అచ్చువేస్తాం.