డీపీఎఫ్ పీకితే ఇంజిన్ చల్లబడదు

నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో మొన్న ఒక లారీ ఓనరు పదిమంది ముందు బల్లగుద్ది చెప్పాడు: "బీఎస్ సిక్స్ బండికి సైలెన్సర్ల ఉన్న డబ్బానే రోగం. అది పీకేయించి ప్రోగ్రాం మార్పించు. పికప్ పెరుగుతది, హీటు తగ్గుతది." ఒక్కడూ అడ్డు చెప్పలేదు. ఉప్పల్ నుంచి చర్లపల్లి దాకా ఏ షెడ్డుకు వెళ్లినా ఇదే పాట. ఆ డబ్బా పేరు డీపీఎఫ్, డీజిల్ పొగలోని మసిని పట్టే ఫిల్టర్. దాని మీద నిందంతా వేసి, టర్బోలు తగలబెట్టుకుంటున్నారు.

వేడి పుట్టేది సిలిండర్లో. డీపీఎఫ్ ఉండేది టర్బో దాటాక, పొగ బయటికి పోయే దారిలో. డీజిల్ ఎక్కువ పోసి, దాన్ని కాల్చడానికి చాలినంత గాలి అందకపోతే పొగ వేడెక్కుతుంది. 55 టన్నుల ట్రైలర్ ఎత్తు ఎక్కుతున్నప్పుడు టర్బో ముందు ఆ వేడి 600 డిగ్రీలు దాటవచ్చు. 700 దాటి అక్కడే నిలిచిందంటే ఇంజిన్‌కు గండమే. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. ఆ లోహంతో చేసిన పిస్టన్ కరగకుండా నిలబడుతోందంటే కింద నుంచి ఆయిల్ చిమ్ముతూ చల్లబరచడం అందులో పెద్ద కారణం. అందుకే కంపెనీ ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ ఈసీఎంలో డీజిల్‌కు ఒక హద్దు పెట్టింది. ప్రోగ్రాం మార్చేవాడు మొదట చెరిపేసేది ఆ హద్దునే. ఓనరు మురిసిపోయే పికప్ అదనంగా పోసిన డీజిలే. సైలెన్సర్ నుంచి నల్లగా ఎగసే పొగ, గాలి చాలలేదని ఇంజిన్ పెడుతున్న మొర. దాన్ని బలం అనుకునేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

నిండిపోయిన డీపీఎఫ్ పొగకు అడ్డుపడి వేడి పెంచుతుంది కదా అంటారు. పెంచుతుంది. శుభ్రం చేయించండి.

అసలు అది ఎక్కడ నిండుతోంది? 2018లో మొదలైన ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పనులు ఏళ్ల తరబడి సాగాయి. గుంతల్లో, దుమ్ములో, బోడుప్పల్, పీర్జాదిగూడ, మేడిపల్లి మీదుగా ట్రైలర్లు ఫస్ట్ గేరులో పాకాయి. అట్లా పాకే బండి పొగలో మసిని కాల్చేంత వేడి ఉండదు. మసి పేరుకుంటుంది. అదే బండి ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి లోడుతో గంటసేపు సాగితే పొగ వేడికే చాలా మసి కాలిపోతుంది. మిగిలినది కాల్చడానికి ఇంజిన్ తానే కొంత డీజిల్ ఖర్చుపెట్టి వేడిని 600 డిగ్రీల దరికి తెస్తుంది. ఆ కాస్త డీజిల్ దండగని డ్రైవర్ చేత బటన్ నొక్కించి ఆపించేది ఓనరే. డీపీఎఫ్ నిండిందని లైటు వెలిగాక డబ్బాను తిట్టేదీ ఓనరే.

ఇక డ్రైవర్ సంగతి. టర్బో పోతే బత్తాలో కోత. ఎందుకు? "నువ్వు రేసు చేసినవ్" అంటాడు ఓనరు. నిజానికి ఎత్తులో గేరు తగ్గించకుండా, తక్కువ ఆర్‌పీఎంలో యాక్సిలరేటర్ అదిమితేనే వేడి పైకి దూకుతుంది. గేరు తగ్గిస్తే ఆర్‌పీఎం పెరిగి టర్బో గాలి నింపుతుంది, పొగ చల్లబడుతుంది. ఆ పని చేసిన డ్రైవర్‌ను మైలేజీ చెడగొట్టావని తిడతారు. టాప్ గేరులో ఈడ్పించేది మైలేజీ లెక్క, కాలిపోయిన టర్బో ఖర్చు మాత్రం డ్రైవర్ జేబులోంచి! లోడు దింపే చోట రెండు మూడు నిమిషాలు స్లోలో ఉంచి ఇంజిన్ ఆపితే టర్బో బేరింగులో ఆయిల్ మాడిపోదు. గేటు దగ్గర సెక్యూరిటీ ఆ రెండు నిమిషాలు ఇవ్వడు, "ఆపు, ఆపు" అని అరుస్తాడు.

తర్వాత బరువు సంగతి. 2018 జూలైలో కేంద్రం యాక్సిల్ లోడు పరిమితి పెంచింది. పెద్ద ట్రైలర్ మొత్తం బరువు హద్దు 49 టన్నుల నుంచి 55కు పోయింది. దానిపైనా నింపితే చట్టం ప్రకారం 20,000 రూపాయల జరిమానా, అదనపు ప్రతి టన్నుకు 2,000. అయినా నింపుతున్నారు. బండి మీద ఆ బరువు వేసి, ఎయిర్ ఫిల్టర్ మార్చకుండా, ఇంటర్‌కూలర్ హోస్ చీలికకు టేపు చుట్టి, నేరం డీపీఎఫ్ మీదకు నెడతారు.

డీపీఎఫ్ పీకిన బండి వదిలే మసి ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోతోంది? డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లోనే తేల్చింది. నాచారంలో గాలి నాణ్యత కొలిచే కేంద్రం ఉంది. ఆ పక్కనుంచే పొగ కక్కుతూ లారీలు పోతాయి. బండి రూపం అనుమతి లేకుండా మార్చిన ఓనరుకు ఆరు నెలల దాకా జైలు లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ అని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. పొగ తనిఖీ చేసే పీయూసీ వాళ్లు మాత్రం నిలబెట్టిన బండిని, లోడు లేకుండా రేసు చేయించి కొలుస్తారు. 55 టన్నులు లాగేటప్పుడు కక్కే పొగ ఆ పరీక్షకు చిక్కదు.

బీఎస్ సిక్స్ బండి సైలెన్సర్లో వేడి కొలిచే సెన్సార్లు ఇప్పటికే ఉన్నాయి. ఆ అంకె ఈసీఎంకు తెలుసు, చాలా బండ్లలో డ్రైవర్‌కు మాత్రం కనిపించదు. అతనికి కనిపించేది నీళ్ల వేడి చూపే ముల్లు. టర్బో ఎర్రగా కాలుతున్నా అది నడిమధ్యలోనే ఉండగలదు. పొగ వేడిని డ్యాష్‌బోర్డు మీద చూపించమని కంపెనీలను అడగండి. పాత బండికి పొగ వేడి కొలిచే పైరోమీటర్ బిగించండి. బత్తాను మైలేజీతో ముడిపెట్టకుండా ఎట్లా లెక్కకట్టాలో యూనియన్లు, ఓనర్లు కూర్చుని తేల్చుకోవాలి. అది తేలేదాకా టర్బో ఖర్చు డ్రైవర్ల బత్తాలోంచి కోయడం ఆపండి.