మూడో అంతస్తుకు నీళ్లు

ఏప్రిల్ ఎండలో, మధ్యాహ్నం రెండున్నరకి, వెస్ట్ మారేడ్‌పల్లిలోని మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తుకి ఒక కుర్రాడు మెట్లెక్కి వచ్చాడు. భుజం మీద నీళ్ల సీసాల కేసు. పన్నెండు సీసాలు, ఒక్కోటి లీటరు. సాయంత్రం మనవడి పుట్టినరోజని ఆర్డర్ పెట్టింది నేనే. కేసు దించి, మోచేత్తో నుదురు తుడుచుకుని, ఓటీపీ అడిగాడు. నాలుగంకెలు చెప్పి తలుపేసుకున్నాను. లిఫ్ట్ ఉండగా మెట్లెందుకెక్కాడంటే, డెలివరీ వాళ్లు లిఫ్ట్ వాడకూడదని నోటీసు అంటించింది మా సంఘమే. ఆ తీర్మానానికి నేనూ చెయ్యెత్తాను.

ఇంటికొచ్చిన మనిషిని ముందు ‘మంచినీళ్లు తాగుతావా’ అని అడగాలని మా అమ్మ నేర్పింది. ఎండాకాలం పోస్ట్‌మన్ మజ్జిగ తాగకుండా మా అరుగు దిగేవాడు కాదు. ఇప్పుడు మేం ఫోన్లో కదిలే బండి బొమ్మని చూస్తూ, ‘ఇంకా ప్యారడైజ్ దగ్గరే ఉన్నాడు’ అని విసుక్కుంటాం.

ఏటా గేటు ముందు చలివేంద్రం పెడతాం, లేదని కాదు. రెండు కుండలు, తడిగుడ్డ, దాతల ఫొటోలతో ఫ్లెక్సీ. కుండలు మే రాకముందే ఎండిపోతాయి. వాచ్‌మన్ నింపుతాడనుకుంటాం. నింపమని అతనికి ఎవరమూ చెప్పం.

తెలియక చేశానని నేను మాత్రం అనలేను. ఉద్యోగమంతా ఫ్యాక్టరీలో పర్సనల్ విభాగంలోనే గడిచింది. 1948 ఫ్యాక్టరీల చట్టం 18వ సెక్షన్ నాకు కంఠతా వచ్చు. తాగునీటి చోటు మీద ఎక్కువమంది కార్మికులకి అర్థమయ్యే భాషలో రాసి ఉండాలని అందులో ఉండేది. 250 మంది దాటితే ఎండాకాలం చల్లటి నీళ్లివ్వాలనీ ఉండేది. ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడంటే, మరుగుదొడ్డికీ కుళాయికీ మధ్య ఆరు మీటర్లు ఉన్నాయో లేదో టేపు పెట్టి కొలిపించినవాణ్ణి. రోడ్డే ఫ్యాక్టరీ అయినవాడి దగ్గరికి వచ్చేసరికి, కంపెనీలు పెట్టిన ‘పార్ట్‌నర్’ అన్న ముద్దుపేరు విని ఊరుకున్నాను. 2023 డిసెంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం వీళ్లకి 5 లక్షల ప్రమాద బీమా ప్రకటిస్తే, హమ్మయ్య, ఇక సర్కారు చూసుకుంటుందిలే అనుకున్నాం. దాహానికి బీమా ఉండదు కదా. డెలివరీ వాళ్ల కోసం దుబాయ్‌లో 40 ఏసీ విశ్రాంతి గదులు కట్టారనీ, 2025లో చెన్నై కార్పొరేషన్ అన్నానగర్‌లో అలాంటిదే తెరిచిందనీ వార్తలొస్తే మా వాట్సాప్ గ్రూపు నిండా చప్పట్ల బొమ్మలే.

ఆ పుట్టినరోజు తర్వాత, మోండా మార్కెట్ దగ్గర నీడకి బండాపుకున్న ఇంకో కుర్రాణ్ణి అడిగాను: ‘నీళ్లెక్కడ తాగుతావు బాబూ?’

‘తాగితే మల్ల యాడికి పోవాలె సార్?’ అన్నాడు.

పొద్దున పదింటికి నింపిన సీసా బండికి వేలాడుతోంది. సగం కూడా దిగలేదు. పార్సిల్ తీసుకునే హోటళ్లలో బాత్రూమ్ కస్టమర్లకేనట. నేనింతకాలం కుండ దగ్గరే ఆగిపోయాను. తాగిన మనిషికి ఇంకో అవసరం కూడా ఉంటుందని, ఆరు మీటర్లు కొలిపించిన నాకే తట్టలేదు.

మా సెల్లార్‌లో డ్రైవర్లూ పనివాళ్లూ వాడుకోవాలని కట్టిన మరుగుదొడ్డి ఉంది. పాడుచేస్తున్నారని ఎవరో ఫిర్యాదు చేస్తే తాళం వేయించాం. అప్పుడు సంఘం కార్యదర్శిని నేనే. పదవి దిగాక కొత్తాయన ఆ తాళంచెవి అడగలేదు, నేనూ ఇవ్వలేదు. మా వంటింట్లో, వాటర్ ఫిల్టర్ పక్కన, మేకుకి వేలాడుతోంది.