"ఇంకా కాలేదా?" అని అడిగే ముందు

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళాను. మా పెద్దనాన్న కూతురు, అంటే నాకు అక్క, వాళ్ళూ వచ్చారు. అక్క కూతురికి పదిహేనేళ్ళు. గుమ్మం ఎక్కిన ప్రతి పెద్దమ్మా, ప్రతి అత్తయ్యా అడిగింది ఒకటే ప్రశ్న. "ఏమ్మా, పిల్ల ఇంకా కాలేదా?" అదీ ఆ పిల్ల ముందే! చదువెలా ఉందని గానీ, ఏం చేస్తున్నావని గానీ అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు.

కాలేదండీ. దానంతటది అయ్యే అవకాశం కూడా దాదాపు లేదు. ఆ పిల్లకి టర్నర్ సిండ్రోమ్ ఉందని నాలుగు నెలల క్రితమే తెలిసింది.

నేను డాక్టర్ని కాను, కోడు రాసుకు బతికేవాణ్ణి. కానీ ఈ నాలుగు నెలల్లో చదివింది, అక్కతో పాటు డాక్టర్ల దగ్గర విన్నది రాస్తాను. అమ్మాయిలకి రెండు ఎక్స్ క్రోమోజోములుంటాయి కదా. వీళ్ళకి ఒకటి పూర్తిగానో, కొంతో ఉండదు. 1938లో హెన్రీ టర్నర్ అనే డాక్టరు దీని గురించి రాశాడు, క్రోమోజోము సంగతి 1959లో బయటపడింది. పుట్టే ఆడపిల్లల్లో సుమారు 2000–2500 మందికి ఒకరు. అంటే మీ క్యాంపస్ లో పదివేలమంది అమ్మాయిలుంటే నలుగురైదుగురన్నమాట. అంత దూరపు విషయమేం కాదు.

వీళ్ళలో చాలామందికి అండాశయాలు చిన్నప్పుడే పనిచేయడం మానేస్తాయి. కొద్దిమందికి మాత్రమే యుక్తవయసు మార్పులు వాటంతటవే మొదలవుతాయి. ఎత్తు తక్కువ ఉంటారు. వైద్యం లేకపోతే పెద్దయ్యాక తోటివాళ్ళకంటే సుమారు 20 సెంటీమీటర్లు తక్కువ. గుండె, కిడ్నీలు, థైరాయిడ్, వినికిడి కూడా చూపించుకుంటూ ఉండాలి. తెలివితేటలు మాత్రం మామూలే. కొందరికి లెక్కలు కాస్త కష్టం, అంతే.

ఇప్పుడు నా కోపం ఎవరి మీదో చెప్తాను. మన మీదే. సాఫ్ట్‌వేర్ వాళ్ళమని చెప్పుకు తిరిగే మన మీదే.

మా అక్కాబావా ఇద్దరూ ఐటీలోనే. పిల్ల ఆరేళ్ళప్పట్నించీ క్లాసులో అందరికంటే పొట్టి. "మీ అత్తగారూ పొట్టేగా, ఆ పోలికే" అన్నారు. పన్నెండేళ్ళొచ్చినా ఏ మార్పూ లేకపోతే, "మా ఆడపడుచు కూడా లేటే" అన్నారు. ఓ డాక్టరు కూడా "చూద్దాం లెండి" అన్నాడట. మొక్కులూ, నువ్వులుండలూ అన్నీ అయ్యాయి. ప్రొడక్షన్ లో అలారం మోగితే అర్ధరాత్రి లేచి లాగ్స్ తవ్వే బావ, కూతురు ఎనిమిదేళ్ళపాటు ఎదుగుదలలో వెనకబడుతుంటే ఒక్కసారి చార్ట్ గీసి చూడలేదు. కారియోటైప్ అని ఒక రక్త పరీక్ష, దాంతో తేలిపోయేది!

ఆలస్యమైతే ఏం పోయింది అంటారా? గ్రోత్ హార్మోన్ నాలుగైదేళ్ళ వయసునుంచే మొదలుపెట్టొచ్చు. ఎముకల చివరలు మూసుకుపోయాక ఇచ్చినా లాభం ఉండదు. ఈస్ట్రోజెన్ ని పదకొండు, పన్నెండేళ్ళకి చాలా తక్కువ డోసుతో మొదలుపెట్టి, రెండుమూడేళ్ళలో మెల్లగా పెంచుతారు. ఆ తర్వాత ప్రొజెస్టెరాన్ కలుపుతారు, నెలసరి వస్తుంది. ఇది ముస్తాబు కోసం కాదండీ. ఈస్ట్రోజెన్ లేకపోతే ఎముకలు గుల్లబారతాయి. మా మేనకోడలికి ఇంకా కొంత టైముంది. పోయిన ఏళ్ళు మాత్రం తిరిగి రావు.

సరే, ఇంత తెలిశాక బావ ఏమన్నాడో తెలుసా? "వచ్చే వేసవిలో అయిపోయిందని చెప్పి ఓణీల ఫంక్షన్ చేసేద్దాం, అందరి నోళ్ళూ మూతపడతాయి." డ్రోన్ వీడియోకీ, స్టేజీ డెకరేషన్ కీ లక్షలు తీస్తాడట! పిల్లకి మాత్రం ఏమీ చెప్పొద్దట. రేపు పెళ్ళి సంబంధాలకి ఇబ్బందట. దాచి చేసే పెళ్ళి ఎన్నాళ్ళు నిలుస్తుంది బావా? చాలామందికి సహజంగా పిల్లలు పుట్టరు. దాత అండంతో గర్భం వచ్చినా గుండె రక్తనాళానికి ప్రమాదం ఉండొచ్చు, ముందే గుండె పరీక్షలు చేయించుకోవాలి. ఇది తెలియకుండా పెళ్ళిచేస్తే ఆ పిల్ల ప్రాణంతో ఆడుకున్నట్టే.

అక్క ఒక రాత్రి నన్నడిగింది, "ఒరేయ్, నావల్లేనా ఇదంతా? కడుపుతో ఉన్నప్పుడు నైట్ షిఫ్టులు చేశాను." అత్తగారింట్లో ఆ మాట అనేశార్ట కూడా. కాదక్కా. షిఫ్టులకీ, గ్రహణానికీ, తల్లి వయసుకీ సంబంధం లేదు. కణాలు ఏర్పడేటప్పుడు జరిగే పొరపాటు. పైగా ఎక్కువమందిలో మిగిలేది తల్లి ఇచ్చిన ఎక్సే, లేకుండా పోయేది తండ్రిది. అలాగని బావని తిట్టమని కాదు, అది ఎవరి చేతుల్లోనూ లేదు. ఇన్నాళ్ళూ తల్లిని దోషిని చేసినవాళ్ళు ఈ ఒక్క ముక్కయినా వినాలి.

ఆఖరికి అక్క ధైర్యం చేసి కూతుర్ని కూర్చోబెట్టుకుంది. ఆ పిల్ల ఏమందంటే, "ఫైలు మీద పేరు చూసి ఫోన్లో ఎప్పుడో చదివేశానమ్మా. మీరే బాధపడతారని చెప్పలేదు." మూడు నెలలు ఒక్కతే మోసింది పాపం! మనం దాస్తున్నామనుకున్నాం, అది మనకోసం దాచింది.

"ఊరూ, ఆచారం అంటే నీకు లెక్కలేదు" అంటారు కొందరు. ఆచారంతో నాకు పేచీ లేదు. పిల్లకి ఇష్టమైతే ఓణీ కట్టించండి, ఫొటోలు తీయండి. కానీ ఆడపిల్ల శరీరం సంగతి ఊరందరికీ ప్రకటించాల్సిన వార్త అయిపోతే, ఆ వార్త రాని పిల్ల ఏమైపోవాలి?

కాబట్టి పదమూడేళ్ళకి రొమ్ముల ఎదుగుదల మొదలవకపోతే, పదిహేనుకి నెలసరి రాకపోతే, లేదా చిన్నప్పట్నించే ఎత్తు వెనకబడుతుంటే ఎండోక్రినాలజిస్టు దగ్గరికెళ్ళండి. చుట్టాల ఇంటికెళ్ళినప్పుడు ఆ దిక్కుమాలిన ప్రశ్న అడక్కండి.

ఇంతకీ మీ అమ్మాయి ఎత్తు ఆఖరుసారి ఎప్పుడు కొలిచారు?