వరద వచ్చేదాకా ఆగని ఫెలోషిప్

వేలూరు నుంచి కాట్పాడి వెళ్లే వంతెన మీద ఆగి చూడండి. ఏడాదిలో చాలా రోజులు పాలారులో కనిపించేది ఇసుక, సర్కారు తుమ్మ పొదలు. నీళ్లు ఇసుక అడుగున నడుస్తాయి. ఇక్కడి రైతులు ఊటకాలువలు తవ్వి ఆ నీటినే పొలాలకు పారించుకునేవారు. అలాంటి ఏరు 2021 నవంబరులో లక్ష క్యూసెక్కులు దాటి పారింది. మన పలమనేరు వైపు నుంచి దిగే కౌండిన్య నది, మోర్దానా డ్యాం నిండి పొర్లడంతో గుడియాత్తంలో ఒడ్డునున్న ఇళ్లను ముంచెత్తింది. ఆ నీళ్లన్నీ పాలారులో కలిసి, వాయలూరు దగ్గర బంగాళాఖాతంలో పడ్డాయి.

వాతావరణ మార్పు నదుల మొగల్ని, తీర సముద్రాన్ని ఏం చేస్తోందో తేల్చే పని మన దేశంలో చాలావరకు పీహెచ్‌డీ ముగించిన యువ పరిశోధకుల మీద పడుతోంది. వాళ్లకు దొరికే జాతీయ పోస్ట్‌డాక్టరల్ ఫెలోషిప్ గడువు రెండేళ్లు. 2019 జనవరిలో చేరినవారు 2020 చివరికల్లా సామాను సర్దుకోవాలి. 2021 వరద వాళ్ల లెక్కల్లోకే రాదు. పాలారు లాంటి ఏటి విషయంలో ఇది చిన్న లోటు కాదు.

ఎందుకంటే మొగకు ఏం చేరుతుందో తేల్చేది వరద పారే ఆ కొద్ది రోజులే. వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట తోళ్ల కర్మాగారాల వ్యర్థాల మీద సుప్రీంకోర్టు 1996లోనే తీర్పు చెప్పింది. కానీ బురదను పట్టుకుని ఉండిపోయిన క్రోమియం తీర్పులతో కదలదు, వరదతో కదులుతుంది. ఇక వరద లేని నెలల్లో పోటు ఉప్పునీటిని పైకి తోస్తుంది. దాన్ని ఆపడానికే 2019లో వాయలూరు దగ్గర చెక్‌డ్యాం కట్టారు. పైన ఇసుక తవ్వకాలు, కింద ఆనకట్ట, ఎదురుగా మట్టం పెరుగుతున్న సముద్రం. మొగలో ఉప్పు పెరిగితే ఇందులో దేని పాలు ఎంత? రెండేళ్ల కొలతలు చేతిలో పెట్టుకుని ఎంత తెలివైనవారైనా చెప్పలేరు.

గోదావరి దగ్గర ఈ పాఠం ఇప్పటికే మన ముందుంది. విశాఖలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం నుంచి వి.వి.ఎస్.ఎస్. శర్మ బృందం 2011లో ఒక పరిశోధన వెలువరించింది. వానాకాలపు వరద దిగేటప్పుడు గోదావరి మొగ నుంచి కార్బన్ డయాక్సైడ్ భారీగా గాలిలోకి వెళుతుందని అందులో తేలింది. వేసవిలో మాత్రమే సీసాలు నింపుకుని వచ్చి ఉంటే ఈ సంగతి బయటపడేదే కాదు. అది ఏటా వరదొచ్చే గోదావరి. పాలారుకు ఆ భరోసా కూడా లేదు.

అందుకే ఈ రంగంలో ఫెలోషిప్ కనీసం అయిదేళ్లుండాలి. మనిషి మారినా కొలతలు ఆగకూడదు. వాయలూరులో తీసిన నమూనాకు జోడీగా అదే వారం వేలూరులో, గుడియాత్తంలో కూడా నీళ్లు పట్టాలి. అందుకు ఓడలు అక్కర్లేదు. స్థానిక కళాశాలల రసాయనశాస్త్ర విభాగాలకు సీసాలు, ఉప్పదనం కొలిచే మీటరు, కొద్దిపాటి నిధులు ఇస్తే చాలు. అర్ధరాత్రి మోర్దానా పొర్లితే తెల్లారేసరికి వంతెన దగ్గర ఉండగలిగేది ఆ ఊరి విద్యార్థే. చెన్నై నుంచో గోవా నుంచో అనుమతి కాగితాలు పట్టుకుని బృందం బయల్దేరేలోపు వరద తీసిపోతుంది. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో వస్తాయి. ఆ ఏర్పాటు ఈలోపే జరగాలి.